ఇంట్లో కారు పనికి ట్రాలీ జాకీ: ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి

కొత్త కారు డిక్కీలో స్టెప్నీ పక్కన వచ్చే సిజర్ జాకీ ఒకే ఒక్క అవసరానికి పుట్టింది. దారిలో పంక్చరైతే ఒక చక్రం లేపాలి, స్టెప్నీ బిగించాలి, దించేయాలి. అంతవరకే. దాని అడుగు అరచేయంత ఉంటుంది, బరువంతా ఒక్క మర మీద నిలబడుతుంది, పక్కనుంచి గట్టిగా తోపు తగిలితే ఒరిగిపోతుంది. బ్రేక్ ప్యాడ్లు మార్చడానికీ, ఇంజిన్ ఆయిల్ దింపడానికీ, సస్పెన్షన్ లింకులు బిగించడానికీ దాన్నే వాడుకుంటూ పోవడం ఇళ్లలో తరచూ కనిపించే ప్రమాదకరమైన అలవాటు. ఇలాంటి పనులు ఇంటి దగ్గరే చేసుకునేవాళ్లకి కావాల్సింది చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ. మెకానిక్‌లు ట్రాలీ జాకీ అనేది దీన్నే.

ట్రాలీ జాకీ నాణ్యత గురించి డబ్బా మీద అచ్చేసిన టన్నులు చెప్పేది చాలా తక్కువ. మీ కారు కిందికి అది దూరుతుందా, టైరు నేల విడిచేంత పైకి లేపుతుందా, బరువు మోస్తూ నేల మీద సాఫీగా దొర్లుతుందా, అయిదేళ్ల తర్వాత దానికి సీల్ కిట్ (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగుల సెట్టు) దొరుకుతుందా అన్నవే అసలు ప్రశ్నలు. ఈ నాలుగింటికీ జవాబు దొరక్కుండా రెండు టన్నులా మూడు టన్నులా అని తేల్చుకోవడం వల్ల ఉపయోగం లేదు.

టన్నుల కంటే ముందు ఎత్తు

బరువుల సంగతి ముందు చూద్దాం. మారుతి స్విఫ్ట్ ఖాళీ బరువు ఒక టన్నుకి తక్కువే. హ్యుందాయ్ క్రెటా సుమారు 1300 కిలోలు, ఇన్నోవా క్రిస్టా 1800 కిలోల దగ్గర, ఫార్చ్యూనర్ రెండు టన్నులు దాటుతుంది. అయితే జాకీ ఎప్పుడూ కారు మొత్తాన్ని ఎత్తదు. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ముందే ఉండే చిన్న కార్లలో దాదాపు 60 శాతం బరువు ముందు ఇరుసు మీద పడుతుంది. అంటే స్విఫ్ట్ ముందు భాగం మొత్తం లేపినా జాకీ మీద పడేది 550 కిలోల చుట్టుపక్కలే. ఒక్క మూల లేపితే అందులో సగానికి కాస్త అటూ ఇటూ. ఫార్చ్యూనర్ ముందు భాగం కూడా రెండు టన్నుల జాకీ పరిమితిలోపే ఉంటుంది.

మరి మెకానిక్‌లు పెద్ద బండికి మూడు టన్నుల జాకీయే కావాలని ఎందుకంటారు? చిన్న జాకీ బలం చాలక కాదు, ఎత్తు చాలక. మూడు టన్నుల జాకీకి చేయి పొడవుగా ఉంటుంది, చట్రం పొడవుగా ఉంటుంది, చక్రాల మధ్య వెడల్పు ఎక్కువ. మార్కెట్లో ఎక్కువగా కనిపించే 9 కిలోల లోపు బరువున్న రెండు టన్నుల జాకీ సాధారణంగా 135 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 330, 340 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈ రెండు అంకెల్నీ మీ కారుతో పోల్చుకోవాలి.

ముందు కింది అంకె. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో తలుపుల కింద ఉండే జాకీ పాయింట్, టైర్లో గాలి నిండుగా ఉన్నప్పుడు నేలకి ఉజ్జాయింపుగా 190 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. టైరు కొలత 185/65 అయితే దాని పక్క గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. గాలి పూర్తిగా పోయినప్పుడు రిమ్ము మడత పడ్డ రబ్బరు మీద కూర్చుంటుంది, ఆ మూల 60 నుంచి 80 మిల్లీమీటర్లు దిగుతుంది. అప్పుడు జాకీ పాయింట్ దగ్గర మిగిలేది 110 నుంచి 130. సరిగ్గా జాకీ అవసరమైన రోజునే 135 మిల్లీమీటర్ల జాకీ కిందికి దూరదు. తక్కువ ఎత్తున్న సెడాన్‌కైనా, హ్యాచ్‌బ్యాక్‌కైనా కనిష్ఠ ఎత్తు 100 మిల్లీమీటర్లు దాటని లో ప్రొఫైల్ జాకీ తీసుకోవడం మేలు. 75, 80 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి.

ఇక పై అంకె. కారు బాడీని లేపుతున్నప్పుడు టైరు వెంటనే నేల విడవదు. స్ప్రింగు సాగుతూ చక్రం కిందికి వేలాడుతుంది. చిన్న కార్లలో ఈ వేలాడే దూరం 100 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, పెద్ద బళ్లలో 150 దాకా పోవచ్చు. జాకీ పాయింట్ ఎత్తు 190, వేలాడే దూరం 100, టైరు ఊడదీసి పెట్టడానికి వీలుగా మరో 50 కలిపితే 340 అవుతుంది. చిన్న జాకీ తన చివరి అంచుకి వచ్చేసింది, లేపిన కారును మోసే స్టాండ్ దూర్చడానికి ఖాళీ మిగల్లేదు. పెద్ద ఎస్‌యూవీకి జాకీ పాయింటే 280 దగ్గర ఉంటుంది. అక్కడ 480 నుంచి 500 మిల్లీమీటర్ల వరకు లేపే జాకీ లేకపోతే పని జరగదు. ఎత్తు చాలనప్పుడు జాకీ తల మీద చెక్క దిమ్మె పెట్టి సరిపెట్టడం చాలాచోట్ల చూస్తాం. దిమ్మె నిలువునా చీలుతుంది, లేదా ఉక్కు తల మీద జారుతుంది. ఆ పని చేయకూడదు.

బొలెరో లాంటి బళ్లలో వెనక పట్టీ స్ప్రింగుల మీద కూర్చున్న గట్టి ఇరుసు ఉంటుంది. జాకీని నేరుగా ఆ ఇరుసు గొట్టం కింద, స్ప్రింగుకి దగ్గరగా పెడితే వేలాడే దూరం లెక్కలోకే రాదు. తక్కువ ఎత్తుతోనే చక్రం లేస్తుంది.

కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు ఇంటి దగ్గర టేపుతో చేయాల్సిన పని ఉంది. జాకీ పాయింట్ ఎత్తు, డిక్కీలోని జాకీతో ఒక చక్రాన్ని నేల విడిచేదాకా లేపి అప్పుడా పాయింట్ ఎత్తు, బంపరు అంచు నుంచి ముందు క్రాస్ మెంబర్ (ఇంజిన్ కింద అడ్డంగా ఉండే గట్టి దూలం) దాకా దూరం. ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్తే జాకీ మోడల్ దాదాపు అదే తేలిపోతుంది. మూడో కొలత చాలామంది మర్చిపోతారు. పొట్టి చట్రం ఉన్న జాకీ క్రాస్ మెంబర్ దాకా చేరేలోపే హ్యాండిల్ బంపరుకి తగులుతుంది, పంపు కొట్టడానికి చోటుండదు.

ఒక మిల్లీలీటరు నూనె

జాకీ లోపల జరిగేది ఒక మాదిరి లెక్కతో చూస్తే దాని జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. హ్యాండిల్ కొట్టినప్పుడు 12 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న పంపు కడ్డీ నూనెను నెడుతుంది. ఆ నూనె 36 మిల్లీమీటర్ల వ్యాసమున్న పెద్ద కడ్డీని తోస్తుంది. దీన్ని ర్యామ్ అంటారు. వ్యాసం మూడు రెట్లయితే వైశాల్యం తొమ్మిది రెట్లు, బలమూ తొమ్మిది రెట్లు. పొడవాటి హ్యాండిల్ వల్ల మరో 20 రెట్లు కలుస్తుంది. కానీ ర్యామ్ నేరుగా కారును ఎత్తదు. అది జాకీ చేయి మొదట్లో తోస్తుంది, కారు ఆ చేయి చివర కూర్చుంటుంది. అందువల్ల తల మీద 550 కిలోలు పడితే ర్యామ్ మీద దానికి నాలుగైదు రెట్లు, సుమారు 2500 కిలోలు పడుతుంది. 36 మిల్లీమీటర్ల ర్యామ్ వైశాల్యం పది చదరపు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. అంటే లోపలి నూనె పీడనం చదరపు సెంటీమీటరుకి దాదాపు 245 కిలోలు. కారు టైర్లో ఉండే పీడనానికి ఇది వంద రెట్లు.

ఈ పీడనాన్ని ఆపుతున్నవి కొన్ని ఉక్కు గోలీలు, కొన్ని రబ్బరు రింగులు. పంపులోకి నూనె రానిచ్చే గోలీ ఒకటి, ర్యామ్ వైపు వెళ్లిన నూనె వెనక్కి రాకుండా ఆపే గోలీ ఒకటి, హ్యాండిల్ తిప్పి దించేటప్పుడు తెరుచుకునే రిలీజ్ వాల్వు ఒకటి, పరిమితి దాటితే నూనెను తిరిగి ట్యాంకులోకి వదిలే ఓవర్‌లోడ్ వాల్వు ఒకటి. పై లెక్క ప్రకారం ఒక్క మిల్లీలీటరు నూనె వీటిలో దేన్ని దాటి వెనక్కి కారినా ర్యామ్ ఒక మిల్లీమీటరు జరుగుతుంది, జాకీ తల నాలుగు మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. వాల్వు కూర్చునే చోట చిన్న లోహపు రజను ఇరుక్కుంటే చాలు.

జాకీ లేపడానికి మాత్రమే, మోయడానికి కాదు అని ప్రతి కంపెనీ తన పుస్తకంలో రాసే మాటకి మూలం ఇక్కడుంది. కారు కింద పడుకునే మనిషి ప్రాణం 5 మిల్లీమీటర్ల గోలీ మీద ఆధారపడకూడదు.

నేల, చక్రాలు, స్టాండ్‌లు

జాకీ చేయి పైకి లేచేటప్పుడు తల నిలువుగా వెళ్లదు, వంపు గీతలో వెళ్తుంది. అందుకే కారు కదలకుండా ఉండాలంటే జాకీ తనంతట తాను కొన్ని సెంటీమీటర్లు దొర్లాలి. దొర్లకపోతే తల కారు అంచు మీద నుంచి జారడం మొదలవుతుంది. ట్రాలీ జాకీకి చక్రాలు పెట్టింది ఇటూ అటూ తోసుకెళ్లడానికే అనుకుంటారు గానీ, ఇదే వాటి ముఖ్యమైన పని. జాకీ చక్రాలకి అడ్డంగా రాయి పెట్టడం వల్ల మేలు జరగదు, కీడే జరుగుతుంది.

గచ్చు నేల అన్నిటికంటే మంచిది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వేసే పార్కింగ్ టైల్స్ కింద సిమెంటు సరిగ్గా నిండకపోతే జాకీ ఉక్కు చక్రం కింద టైలు పగులుతుంది, చక్రం ఆ గుంటలో ఇరుక్కుంటుంది. ఇంటర్‌లాక్ ఇటుకల సందుల్లోనూ అంతే. అలాంటి చోట, మట్టి నేల మీదా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు పరచాలి. జాకీ మొత్తం దాని మీద ఉండాలి, ముందుకీ వెనక్కీ దొర్లడానికి జానెడు చోటు మిగలాలి. సెల్లార్లోకి దిగే వాలు మీద జాకీ పని అసలు పెట్టుకోకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మెత్తబడుతుంది, జాకీ చక్రాలూ స్టాండ్ కాళ్లూ అందులో దిగిపోతాయి.

కారు కదలకుండా ఆపడంలో ఒక మెలిక ఉంది. ఎక్కువ కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది. వెనక భాగం లేపినప్పుడు ఆ బ్రేకు గాలిలో ఉన్న చక్రాలను పట్టుకుని ఉంటుంది, కారును కాదు. అప్పుడు ముందు చక్రాలకి రెండువైపులా కట్టెలు పెట్టాలి, కారును గేర్లో ఉంచాలి. ముందు ఒక్క చక్రం లేపినప్పుడు ఇంకో లెక్క: ముందు చక్రాలతో నడిచే కారైతే గేర్లో ఉంచినా, ఆటోమేటిక్‌లో పార్కింగ్‌లో పెట్టినా డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గాలిలో ఉన్న చక్రం తిరిగి, నేల మీదున్న చక్రం కదలగలదు. అక్కడ హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాల కట్టెలే దిక్కు. కట్టెకి బదులు ఇటుక పెడితే నలిగిపోతుంది. కోసిన గట్టి చెక్క ముక్క గానీ రబ్బరు చాక్ గానీ వాడాలి. చక్రం నట్లు లేపకముందే పానాతో సగం చుట్టు వదులు చేసుకోవాలి. లేచిన కారు మీద బలంగా గుంజితే అది స్టాండ్ మీద నుంచి జారుతుంది.

జాకీ తల ఎక్కడ ఆనించాలన్నది కారు పుస్తకం చెబుతుంది. తలుపుల కింద రెండు రేకులు కలిపి అతికిన అంచులో గాట్లు పెట్టి ఉంటాయి, ఆ రెండు గాట్ల మధ్య భాగమే గట్టిది. వట్టి ఉక్కు తల ఆనిస్తే ఆ అంచు వంగుతుంది, రంగు లేస్తుంది, రెండు వానాకాలాల్లో అక్కడ తుప్పు పడుతుంది. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ తల మీద పెడితే బరువు అంచు పక్కనున్న వెడల్పు భాగం మీద పడుతుంది. ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి), గేర్‌బాక్స్ తొడుగు, పెట్రోలు ట్యాంకు, నేల రేకు వీటి కింద ఎప్పుడూ జాకీ పెట్టకూడదు. నెక్సాన్ ఈవీ లాంటి కరెంటు కార్లలో బ్యాటరీ నేల కిందే పరచి ఉంటుంది. అక్కడ జాకీ తల ఒక అంగుళం లోపలికి జరిగినా బ్యాటరీ పెట్టెకి తగలొచ్చు. ఆ కార్లకి కంపెనీ చూపించిన నాలుగు పాయింట్లు తప్ప మరో చోటు లేదు.

లేపగానే స్టాండ్‌లు. జాకీ కొనే డబ్బుతో రెండు స్టాండ్‌లు కూడా రాకపోతే, ఒక మెట్టు చవక జాకీ తీసుకుని స్టాండ్‌లు తప్పకుండా కొనాలి. వరుసలో ముందుండాల్సింది అవే. హాలో బ్లాకులు, ఇటుకలు, పాత రిమ్ములు పేర్చి కారు నిలబెట్టడం కంటే పని మానుకోవడం నయం. సిమెంటు దిమ్మె ముందు హెచ్చరించదు, ఒక్కసారిగా పొడిపొడి అయిపోతుంది.

స్టాండ్‌లలో రెండు రకాలు. పళ్లున్న కడ్డీలో కొక్కెం పడేవి, రంధ్రంలోంచి అడ్డంగా పిన్ను దూర్చేవి. పిన్ను రకంలో ఎత్తు సర్దుబాటు ముతకగా ఉంటుంది గానీ అది పడిందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్‌లను 17 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. తయారీ పనిముట్లు అరిగిపోవడంతో కొన్నింటిలో కొక్కెం పళ్లలోకి పూర్తి లోతుకి కూర్చోకపోవచ్చనీ, బరువు మీద స్టాండ్ హఠాత్తుగా దిగిపోవచ్చనీ అన్నది కారణం. వాటికి బదులుగా ఇచ్చిన ఒక మోడల్‌లో వెల్డింగ్ లోపం తేలడంతో దాన్నీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. అక్కడ ఇంటి గరాజ్‌లో పని చేసుకునే తెలుగువాళ్లు పాత స్టాండ్‌లు చేతులు మారి కొనేటప్పుడు మోడల్ నంబరు చూసుకోవడం అవసరం. ఇక్కడైనా, ఏ కంపెనీదైనా, పళ్ల స్టాండ్ అయితే కొక్కెం మీద అరచేత్తో కొట్టి పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. కారును స్టాండ్‌ల మీదికి దించాక, కిందికి వెళ్లే ముందు బాడీని నాలుగు వైపుల నుంచీ గట్టిగా ఊపాలి. జారేదుంటే అప్పుడే జారాలి. జాకీని తీసేయకుండా ఆనీ ఆననట్టు పక్కనే వదిలి, ఊడదీసిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే మూడో ఆసరా అవుతుంది.

దుకాణంలో చేతితో చూడాల్సినవి

బరువు లేకుండా జాకీని చివరిదాకా పంపు కొట్టి, చేయి పట్టుకుని పక్కలకి ఊపాలి. ఇరుసు దగ్గర చప్పుడు చేస్తూ ఆడితే అది కారు కింద మరింత ఆడుతుంది. పైన ఉన్నప్పుడు తలను కిందికి గట్టిగా నొక్కితే రాయిలా ఉండాలి. స్ప్రింగులా మెత్తగా దిగి లేస్తే లోపల గాలి ఉంది. అది తీసేస్తే పోయేదే, అందుకని వద్దనుకోనక్కర్లేదు. వెల్డింగు పూసలు ఏకధాటిగా ఉన్నాయా, చివర్లలో గుంటలున్నాయా చూడాలి. వెనక చక్రాలు గుండ్రంగా తిరగాలి, వాటిలో బేరింగు గోలీలుండాలి.

హ్యాండిల్‌ను తిప్పి దించే తీరు అన్నిటికంటే ముఖ్యం. హ్యాండిల్ చివర రిలీజ్ వాల్వు మీద గట్టిగా కూర్చోవాలి, పావు చుట్టు తిప్పితే నెమ్మదిగా దిగడం మొదలుకావాలి. కొన్ని చవక జాకీల్లో వాల్వు అర చుట్టు వరకు ఏమీ చేయదు, ఆ తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంటుంది. 9 కిలోల ఖాళీ జాకీ మీద ఈ తేడా అంతగా తెలియదు, కారు మీద తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వీలైతే దుకాణం బయట కారు లేపి చూపించమని అడగడంలో తప్పు లేదు. రెండు పంపుల జాకీలు ఖాళీగా ఉన్నప్పుడు నాలుగైదు కొట్లకే కారుని అందుకుంటాయి. ఆ సదుపాయం బాగుంటుంది గానీ మార్చాల్సిన సీళ్లూ రెట్టింపవుతాయి.

అల్యూమినియం జాకీలు తేలిక, మేడ మీది ఫ్లాట్ నుంచి కిందికి మోసుకెళ్లేవాళ్లకి సుఖం. సెల్లార్లోనే ఉంచుకునేవాళ్లకి ఉక్కుదే మేలు. మూడు టన్నుల ఉక్కు జాకీ 30 కిలోలు దాటుతుంది, ఆ బరువు దాన్ని కదలకుండా ఉంచడానికి పనికొస్తుంది. విదేశాల నుంచి వచ్చిన జాకీల మీద యూరప్‌దైతే ఈఎన్ 1494, అమెరికాదైతే ఏఎస్ఎంఈ పేస్, ఆస్ట్రేలియాదైతే ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 2615 అన్న ప్రమాణాల పేర్లు కనిపిస్తాయి.

సీల్ కిట్ సంగతి చివర్లో అడుగుతారు, అసలు ముందు అడగాలి. తయారీదారు పేరు, మోడల్ నంబరు లేని జాకీకి కిట్ దొరకదు. మోడల్ ఉంటే కంపెనీ నుంచే వస్తుంది. లేదంటే విప్పిన పాత సీలును, ర్యామ్‌ను వెర్నియర్‌తో కొలుచుకుని హైడ్రాలిక్ సీళ్లు అమ్మే దుకాణాల్లో వెతకాలి. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఆ పని అవుతుంది.

కొన్న రోజే ఒక పరీక్ష పెట్టాలి. కారు ఒక మూలను టైరు నేలకి ఒక అంగుళం లేచేంత వరకు లేపి, పక్కన స్టాండ్‌ను కొద్ది సందుతో నిలిపి, జాకీ తల నుంచి నేలకి కొలిచి రాసుకోవాలి. పది నిమిషాల తర్వాత మళ్లీ కొలవాలి. మొదటి నిమిషంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దుకుని ఆగిపోతే ఫరవాలేదు. ఆగకుండా దిగుతూ ఉంటే తిరిగి ఇచ్చేయాలి. ఇదే పరీక్ష ఆరు నెలలకోసారి చేసి, ఆ అంకెను జాకీ మీదే పర్మనెంట్ మార్కర్‌తో రాసి ఉంచితే సీలు అరుగుదల ముందే బయటపడుతుంది.

నూనె

జాకీలో పోయాల్సింది హైడ్రాలిక్ ఆయిల్. కంపెనీ పుస్తకంలో గ్రేడు ఉంటే అదే. లేకపోతే మన వాతావరణానికి 32 నంబర్ హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ పోయడం జాకీని చంపేయడమే. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, జాకీ సీళ్లు నైట్రైల్ రబ్బరువి. ఆ రబ్బరు దానిలో ఉబ్బి మెత్తబడి చిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ అంత చేటు కాదు గానీ చిక్కగా ఉంటుంది, నురుగు కడుతుంది, జాకీ మెల్లగా దిగుతుంది. డీజిల్, కిరోసిన్ మరీ పలచన, సీళ్లనూ పాడుచేస్తాయి.

నూనె మట్టం చూసేటప్పుడు జాకీ చదునైన నేల మీద, చేయి పూర్తిగా కిందికి దిగి ఉండాలి. చేయి పైకి ఉన్నప్పుడు ట్యాంకులో నూనె ర్యామ్ వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. అప్పుడు నిండుగా పోస్తే దించగానే నూనె పోసే రంధ్రం బిరడా దగ్గర నుంచి పొంగుతుంది, లేదా చేయి పూర్తిగా కిందికి రాదు. రబ్బరు బిరడా తీస్తే నూనె రంధ్రం కింది అంచుకి కొద్దిగా తక్కువలో కనిపించాలి. బిరడా చుట్టూ ఉన్న మట్టిని ముందే గుడ్డతో తుడవాలి, లేకపోతే అది నేరుగా వాల్వుల్లోకి వెళ్తుంది.

జాకీని పక్కకి పడుకోబెట్టి డిక్కీలో తీసుకెళ్తే పంపులోకి గాలి చేరుతుంది. తీసే పద్ధతి సులువే. రిలీజ్ వాల్వును ఒకటిన్నర చుట్టు వదులు చేసి, హ్యాండిల్‌ను వేగంగా పది పదిహేను సార్లు కొట్టాలి. తర్వాత వాల్వు బిగించి, బరువు లేకుండా చివరిదాకా లేపి, బిరడాను కొద్దిగా పైకి లేపి గాలి పోనిచ్చి, దించాలి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే మెత్తదనం పోతుంది.

ఏడాదికోసారి, లేదా నూనె పాలలా తెల్లబడితే వెంటనే, మార్చాలి. తెల్లబడటం అంటే నీళ్లు చేరాయని. వానాకాలంలో సెల్లార్లోకి నీళ్లొచ్చే అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. బిరడా తీసి, జాకీని పళ్లెం మీద ఒరిపి నూనె దింపాలి. రిలీజ్ వాల్వు మరను కూడా పూర్తిగా విప్పేటట్లయితే దాని వెనకున్న ఉక్కు గోలీ దొర్లిపోకుండా తెల్ల గుడ్డ పరచుకోవాలి. ఆ గోలీ లేకుండా మర బిగించి, జాకీ లేపడం లేదని తలపట్టుకోవడం కొత్తవాళ్లలో తరచూ జరుగుతుంది. కాస్త కొత్త నూనె పోసి కొట్టి, దాన్నీ దింపేసి, మళ్లీ నింపితే లోపలి మురికి పోతుంది. పాత నూనె మురుగు కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డుకి ఇవ్వాలి. అక్కడ ఇంజిన్ ఆయిల్‌తో పాటు సేకరించేవాళ్లకి వెళ్తుంది.

గ్రీజు పని అయిదు నిమిషాలది: చేయి ఇరుసు, ముందు చక్రాల ఇరుసు, వెనక చక్రాల గోలీలు, హ్యాండిల్ సాకెట్, రిలీజ్ వాల్వు దగ్గరి జాయింటు. జాకీ తల పైభాగానికి మాత్రం చుక్క కూడా అంటకూడదు. ర్యామ్ మెరిసే భాగాన్ని నూనె గుడ్డతో తుడవాలి. దాని మీద తుప్పు చుక్క పడితే ఎమెరీ కాగితంతో రుద్దకూడదు, ఆ గీతలు ప్రతి కదలికకీ సీలును కోస్తాయి. అందుకే జాకీని ఎప్పుడూ పూర్తిగా దించి, ర్యామ్ లోపలే ఉండేలా, చక్రాల మీదే నిలిపి దాచాలి.

జబ్బు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది

లేపిన కారు మెల్లగా దిగుతుంటే ముందు హ్యాండిల్‌ను చూడాలి. హ్యాండిల్ తనంతట తాను పైకి లేస్తుంటే ర్యామ్ నుంచి నూనె పంపులోకి తిరిగి వస్తోంది, అంటే ఆ రెంటి మధ్య ఉన్న గోలీ సరిగ్గా కూర్చోలేదు. హ్యాండిల్ కదలకుండానే దిగుతుంటే, బయట ఎక్కడా నూనె లేకపోతే, అనుమానం రిలీజ్ వాల్వు మీద. చాలాసార్లు దాన్ని తెరిచి, ఖాళీ జాకీని పది సార్లు కొట్టి, మళ్లీ బిగిస్తే ఇరుక్కున్న మురికి కొట్టుకుపోతుంది. పోకపోతే విప్పి గోలీ మార్చాలి. కొత్త గోలీని దాని చోట పెట్టి ఇత్తడి కడ్డీతో ఒక్క దెబ్బ మెల్లగా కొడితే కూర్చునే అంచు గుండ్రంగా సర్దుకుంటుంది. గట్టిగా కొడితే ఆ చోటు పగులుతుంది, ఇక జాకీ పనికిరాదు.

ర్యామ్ దగ్గర నూనె తడి కనిపిస్తే సీలు పోయింది. కిట్ మార్చేటప్పుడు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) పక్కన పలచని గట్టి ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది, ఎందుకూ పనికిరానిదనుకుని పారేస్తుంటారు. పీడనం తక్కువగా ఉండే వైపు అది ఉంటేనే ఓ-రింగు సందులోకి నలిగి చిరగకుండా ఉంటుంది. అది లేకుండా బిగించిన సీలు నాలుగు రోజుల్లో మళ్లీ కారుతుంది. సీళ్లను నూనెలో ముంచి, వేలితోనే ఎక్కించాలి. స్క్రూడ్రైవర్ మొన తగిలితే కంటికి కనిపించని గాటు పడుతుంది.

ఖాళీగా లేచి, కారు మీద లేవకపోతే రిలీజ్ వాల్వు పూర్తిగా బిగిసిందా, పంపు సీలు అరిగిందా అని చూడాలి. ఓవర్‌లోడ్ వాల్వు మరను బిగించి బలం పెంచాలని మాత్రం చూడకూడదు. అది ఫ్యాక్టరీలో కొలిచి పెట్టింది, సాధారణంగా రంగు వేసో జిగురు పెట్టో మూస్తారు. దాన్ని బిగిస్తే నూనె ఆగే హద్దు పోతుంది, ఆ తర్వాత ముందు విరిగేది వెల్డింగే. చివరి ఎత్తుకి చేరకపోతే నూనె తక్కువ. ఖాళీ జాకీ దిగకపోతే వెనక్కి లాగే స్ప్రింగులు తెగాయో, నూనె ఎక్కువైందో, ర్యామ్ వంగిందో చూడాలి.

కారు పైన ఉండగా జాకీ దిగనంటే హ్యాండిల్‌తో పెనుగులాడకూడదు. పక్కనే ఇంకో జాకీ పెట్టి, బరువు దాని మీదికి తీసుకుని, స్టాండ్‌లు వేసి, మొరాయించిన జాకీని ఖాళీ చేసి బయటికి లాగాలి. కొనే ముందు కొలతలు తీసుకోవడం కాక, డిక్కీలోని సిజర్ జాకీ ఇంటి పనిలో అక్కరకొచ్చే సందర్భం ఇదొక్కటే.

చేయి వంగిన జాకీని వేడి చేసి సరిచేయడం, పగిలిన చోట వెల్డింగు పెట్టించడం పనికిరావు. దాన్ని తుక్కు కింద ఇచ్చేయాలి. ఇచ్చేముందు నూనె దింపి, పంపు కడ్డీ తీసేసి, హ్యాండిల్ సాకెట్‌ను కోసేయాలి. చూడ్డానికి బాగానే ఉన్న జాకీ పాత ఇనుప సామాన్ల దుకాణంలో తుక్కు కుప్పలోకి పోదు, రంగు వేసుకుని మరో ఇంటి కారు కిందికి వెళ్తుంది.